ఊక బూడిద, ప్లాస్టిక్ కలిపితే ఊరి బీటీ రోడ్డు మన్నుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిర్యాలగూడ దగ్గర మీ ఊరికి వెళ్లే రెండు కిలోమీటర్ల బీటీ రోడ్డు రెండు మూడు వానాకాలాలకే లేచిపోతోంది. ఊరి చుట్టూ రైస్ మిల్లుల ఊక బూడిద గుట్టలు గుట్టలుగా పడి ఉంది. ఊక బూడిద, ప్లాస్టిక్ కవర్లు తారులో కలిపితే రోడ్డు రెండింతలు మన్నుతుందని ఒక వీడియోలో చూశారు. ఇప్పుడు రోడ్డు మళ్లీ శాంక్షన్ అయింది కాబట్టి, వార్డు మెంబర్‌గా అలా వేయమని కాంట్రాక్టర్‌ని అడగవచ్చా అంటున్నారు.

ప్లాస్టిక్ గురించి అడగండి, తప్పకుండా అడగండి. ఊక బూడిద గురించి అడిగే ముందు దాన్ని ల్యాబ్‌కి పంపండి. ఈ రెండిటికన్నా ముందు మీ రోడ్డు అసలు ఎందుకు పోతోందో చూడండి. 27 ఏళ్లుగా తారు ల్యాబ్‌లలో, కంకరను వేడి చేసి తారుతో కలిపే హాట్ మిక్స్ ప్లాంట్ల దగ్గర పని చేస్తున్నాను. రోగం ఏమిటో చూడకుండా మందు వేసిన రోడ్లు చాలా చూశాను, అందుకే ఈ వరసలో చెబుతున్నాను. (తారు అన్నప్పుడల్లా బిటుమెన్ అనే అర్థం చేసుకోండి. బొగ్గు నుంచి తీసే కోల్‌తార్ వేరే పదార్థం.)

రోడ్డు దగ్గరికి వెళ్లి గుంతల అంచున ఊడిన కంకర నాలుగు రాళ్లు ఏరి చేతిలోకి తీసుకోండి. రాయి కడిగినట్టు శుభ్రంగా ఉందా? అయితే నీళ్లు రాయికీ తారుకీ మధ్య దూరి తారును ఒలిచేశాయి. మేం దీన్ని స్ట్రిప్పింగ్ అంటాం. రాయికి తారు అంటుకునే ఉంది గానీ గోటితో గీకితే పొడిపొడిగా రాలుతోందా? అయితే తారు ప్లాంటులో మాడిపోయింది, లేదా తక్కువ పోశారు. ఇవి రెండూ కాకుండా, లారీ చక్రాలు నడిచే దారిలో రోడ్డు కుంగి, పైన మొసలి చర్మం లాంటి పగుళ్లు కనిపిస్తే తప్పు తారుది కాదు, కింద మెత్తబడిన మట్టిది. ఆ మూడో రోగానికి పైపొరలో ఏం కలిపినా లాభం లేదు. బంగారం కలిపి పోసినా అది కుంగుతుంది.

మీ వైపు క్రషర్లలో వచ్చేది ఎక్కువగా గ్రానైటు రాయి. చాలా గట్టి రాయే, కానీ అందులో సిలికా ఎక్కువ. సిలికా తారు కన్నా నీటినే గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గ్రానైటు కంకర మీద తారు పూత నీళ్లు నిలిచిన చోట ముందుగా వదిలేస్తుంది. సున్నపురాయి ఇందుకు సరిగ్గా వ్యతిరేకం, తారును గట్టిగా పట్టుకుంటుంది. కానీ టైర్ల కింద అరిగి నున్నగా అయిపోతుంది కాబట్టి పైపొరకు పనికిరాదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ప్లాస్టిక్ ఎందుకు పనిచేస్తుందో, ఊక బూడిద ఎందుకు ఒక్కోసారి ఎదురుతిరుగుతుందో తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ప్లాస్టిక్ సంగతి. మన దేశంలో ఈ పద్ధతికి ఆద్యుడు మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్. ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. చెన్నైలోని జంబులింగం వీధిలో 2002లో వేసిన రోడ్డు ఈ రకం తొలి రోడ్లలో ఒకటి. తర్వాత ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ఎస్పీ 98 అనే మార్గదర్శకం తెచ్చింది. 2015లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పట్టణాల చుట్టుపక్కల వేసే హాట్ మిక్స్ రోడ్లలో వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని ఆదేశించింది. కాబట్టి మీరు అడుగుతున్నది కొత్త కోరికేం కాదు, కాగితం మీద ఎప్పుడో ఉన్నదే. ఎవరైనా "అలాంటి రూల్ లేదు" అంటే ఎస్పీ 98 నంబరు చెప్పండి.

చాలామంది ప్లాస్టిక్‌ని తారు డ్రమ్ములో వేసి కరిగిస్తారనుకుంటారు. ఊరి రోడ్లకు వాడే డ్రై పద్ధతి అది కాదు. ప్లాస్టిక్‌ని రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా తురిమి, 160-170 డిగ్రీల వేడి మీద ఉన్న కంకర మీద చల్లుతారు. నేను మొదటిసారి ప్లాంటు దగ్గర ఇది చూసినప్పుడు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. బూడిద రంగులో దుమ్ముదుమ్ముగా ఉన్న కంకర మీద తురుము పడగానే అర నిమిషంలో అది కనిపించకుండా పోయింది. రాళ్లు మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడాయి. ఆ తర్వాతే తారు పోస్తారు. రాయి మీది సన్న రంధ్రాలను ప్లాస్టిక్ పొర మూసేసింది కాబట్టి నీళ్లు పీల్చుకోవడం తగ్గుతుంది. ప్లాస్టిక్కూ తారూ రెండూ హైడ్రోకార్బన్ జాతివే కాబట్టి ఒకదాన్నొకటి బాగా పట్టుకుంటాయి. గ్రానైటుకీ తారుకీ లేని స్నేహాన్ని మధ్యలో ఈ పొర కుదురుస్తుంది. మీ రోడ్డు రోగం స్ట్రిప్పింగ్ అయితే ఇది సరైన మందు.

మోతాదు తారు బరువులో 6 నుంచి 8 శాతం. లెక్క చూడండి. 3.75 మీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందంతో కిలోమీటరు బీసీ (బిటుమినస్ కాంక్రీట్, అంటే ఖాళీలు తక్కువగా ఉండే దట్టమైన తారు మిక్స్) పొర వేస్తే సుమారు 265 టన్నుల మిక్స్ పడుతుంది. అందులో తారు 14 టన్నులు. దానికి 8 శాతం అంటే ప్లాస్టిక్ టన్ను పైచిలుకు. అంత ప్లాస్టిక్ శుభ్రంగా, పొడిగా దొరకడమే అసలు కష్టం. విరిగిన పాలు, పప్పు అంటుకున్న కవర్లు తెస్తే పనికిరావు. తడి ప్లాస్టిక్ వేడి కంకర మీద పడితే ఆవిరి లేచి పూత సరిగ్గా పట్టదు. మీ ఊరి మహిళా సంఘాలు కడిగి ఆరబెట్టి ఇస్తామంటే కాంట్రాక్టర్‌కి సాకు ఉండదు.

ఏ ప్లాస్టిక్ అన్నది చాలా ముఖ్యం. పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు, నూనె డబ్బాల రకం పాలిథీన్ వాడవచ్చు. ఆ వేడికి చక్కగా కరుగుతుంది. నీళ్ల సీసాల ప్లాస్టిక్ కరగడానికి 250 డిగ్రీల దాకా వేడి కావాలి కాబట్టి పూతగా మారదు, ముక్కలుగానే మిగిలిపోతుంది. పీవీసీ మాత్రం ససేమిరా వద్దు. వేడెక్కితే దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ప్లాంటులో పనిచేసేవాళ్ల గొంతు, కళ్లు మండిపోతాయి. పైపు ముక్కలు ఎవరూ తేరు గానీ ఫ్లెక్సీలు తెస్తారు. ఎన్నికల తర్వాత ఊళ్లో గుట్టలుగా దొరికేవి అవే. వాటి మీద ఉండేది పీవీసీ పూతే. సేకరణ మొదలుపెట్టిన రోజే "ఫ్లెక్సీలు తీసుకోం" అని బోర్డు పెట్టండి.

కరగని తురుము మిగిలితే అది రోడ్డు మీదినుంచి కాలువలోకి, కాలువ నుంచి పొలంలోకి పోతుంది. పూర్తిగా కరిగి రాయిని పట్టుకున్న ప్లాస్టిక్ వేరు, విడిగా మిగిలిన ముక్క వేరు. టిప్పర్ నుంచి మిక్స్ దించేటప్పుడు రంగు ముక్కలు కనిపిస్తున్నాయంటే ప్లాంటు వేడి సరిపోలేదని అర్థం. ఆ లోడు వెనక్కి పంపమని అడిగే హక్కు మీకుంది.

ఇక్కడే మరో అపోహ. "పాలిమర్ రోడ్డు" అంటే పాల ప్యాకెట్ల రోడ్డు కాదు. హైవేల మీద వాడే పాలిమర్ మాడిఫైడ్ బిటుమెన్, అంటే పీఎంబీలో, ఎక్కువగా ఎస్‌బీఎస్ అనే రబ్బరు గుణమున్న పాలిమర్ కలుపుతారు. పాలిథీన్ తారును గట్టిపరుస్తుంది, ఎస్‌బీఎస్ గట్టిపరచడంతో పాటు సాగే గుణం ఇస్తుంది. ఈ తేడా ల్యాబ్‌లో కళ్లారా చూడవచ్చు. తారును పోగులా 15 డిగ్రీల నీటిలో 10 సెంటీమీటర్లు సాగదీసి, మధ్యలో కత్తెరతో కత్తిరించి గంటసేపు వదిలేస్తాం. మామూలు తారు పోగు ఎక్కడ కత్తిరించామో దాదాపు అక్కడే ఉంటుంది. ఎస్‌బీఎస్ కలిపిన పోగు రెండు వైపులా మెల్లగా వెనక్కి ముడుచుకుపోతుంది. లారీ వెళ్లాక రోడ్డు తన ఆకారానికి తిరిగి రావాలంటే ఆ గుణం కావాలి.

ఇంకో పరీక్ష రింగ్ అండ్ బాల్. రెండు ఇత్తడి ఉంగరాల్లో తారు నింపి, ఒక్కోదాని మీద మూడున్నర గ్రాముల ఉక్కు గోలీ పెట్టి, నీళ్ల బీకరులో దించి నిమిషానికి 5 డిగ్రీల చొప్పున వేడి చేస్తాం. కాసేపటికి తారు గోలీ బరువుకి బొడ్డులా కిందికి సాగుతుంది. 25 మిల్లీమీటర్లు దిగి అడుగు పళ్లేన్ని తాకినప్పటి ఉష్ణోగ్రతే సాఫ్టెనింగ్ పాయింట్. వీజీ-30 అనే గ్రేడు తారుకు ఇది కనీసం 47 డిగ్రీలు ఉండాలి. మీ దగ్గర మే నెల మధ్యాహ్నం నల్లటి రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే వడ్ల లారీలు ఆగి మలుపు తిరిగే మిల్లు గేటు దగ్గరే రోడ్డు ముందు ఎందుకు గాడి పడుతుందో తెలుస్తుంది. అలాంటి 50, 60 మీటర్ల ముక్క వరకు ఇంకా గట్టి గ్రేడైన వీజీ-40 గానీ పీఎంబీ గానీ అడగండి, లేకపోతే సిమెంటు రోడ్డు వేయించండి. ఊరి రోడ్డు మొత్తానికి పీఎంబీ అడగడం మాత్రం డబ్బు దండగ. మీ ట్రాఫిక్‌కి అంత అవసరం లేదు.

ఇప్పుడు ఊక బూడిద. వీడియో చేసినవాళ్లు చెప్పనిది ఇక్కడ చాలా ఉంది.

వడ్ల బరువులో సుమారు ఐదో వంతు ఊక. ఊకను కాలిస్తే అందులో మళ్లీ ఐదో వంతు బూడిద మిగులుతుంది. బాగా కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. తారు మిక్స్‌లో దీనికి తగిన చోటు ఫిల్లర్. కంకర, డస్ట్ మధ్య ఉండే సన్న ఖాళీలను నింపే మెత్తటి పొడిని ఫిల్లర్ అంటారు. 75 మైక్రాన్ల జల్లెడలోంచి కనీసం 85 శాతం పోవాలి, అంటే దాదాపు ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. మామూలుగా రాతి పొడి, సున్నం, సిమెంటు వాడతారు. ఫిల్లర్ ఖాళీలు నింపడంతో ఆగదు, తారుతో కలిసి ఒక చిక్కటి ముద్దగా మారుతుంది. నిజానికి రాళ్లను పట్టి ఉంచేది ఆ ముద్దే. ఊక బూడిద సన్న రంధ్రాలున్న పదార్థం కాబట్టి ఆ ముద్దను బాగా గట్టిపరుస్తుంది, గాడి పడటం తగ్గుతుంది. ల్యాబ్‌లో మార్షల్ స్టెబిలిటీ, అంటే మిక్స్ దిమ్మ తట్టుకునే బరువు, పెరగడం నేను చాలాసార్లు చూశాను.

కానీ ఆ రంధ్రాలే తారును పీల్చేస్తాయి. రాతి పొడి తీసేసి అంతే బరువు ఊక బూడిద వేసి, తారు శాతం పెంచకపోతే మిక్స్ ఎండిపోతుంది. బూడిద చాలా తేలిక కాబట్టి అదే బరువుకి రాతి పొడి కన్నా ఎక్కువ ఘనపరిమాణం వస్తుంది. ఈ సంగతి మరిచిపోతే తప్పు రెండింతలవుతుంది.

ఆ తప్పు నేను చేశాను. కొన్నేళ్ల కిందట ఒక మండలంలో ట్రయల్‌గా రోడ్డులో కొంత ముక్కకు రాతి పొడి బదులు ఊక బూడిద వేయించాను. ల్యాబ్‌లో పరీక్షించింది తెల్లగా, సమంగా కాలిన బూడిద. పని రోజు ప్లాంటుకు వచ్చింది మాత్రం ఒక మిల్లు బాయిలర్ నుంచి నేరుగా ట్రాక్టర్‌లో తెచ్చిన నల్లటి బూడిద. తెచ్చినవాళ్లకు రెండూ ఒకటే, ఊక బూడిదే కదా. నేను ఆ ఉదయం ప్లాంటు దగ్గర లేను, సైట్ దగ్గర ఉన్నాను. పేవర్ (మిక్స్‌ను రోడ్డు మీద పరిచే యంత్రం) నుంచి దిగుతున్న మిక్స్ నిగనిగలాడకుండా కాఫీ పొడిలా పొడిగా కనిపించింది. అప్పుడే ఆపాల్సింది. రోలర్ తిప్పితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆ ఏడు ఆగస్టుకల్లా ఆ ముక్క మీద కంకర లేచి బండ్ల కింద గలగలమనడం మొదలైంది. పక్కనే సున్నం కలిపిన ముక్క చెక్కుచెదరలేదు. మిగిలిన బూడిదను కొలిమిలో మళ్లీ కాల్చి తూచితే చాలా బరువు తగ్గింది, అంత కాలని కార్బన్ ఉంది అందులో. తారును తాగేసింది ఆ కార్బనే. ఆ రోజు నుంచి ఫిల్లర్ ఏదైనా సరే, ప్లాంటుకు చేరిన లోడు నుంచి నేనే చేత్తో శాంపిల్ తీసుకుంటాను.

అందుకే చెబుతున్నాను, మీ ఊరి గుట్ట మొత్తం ఒకే రకం బూడిద కాదు. బాయిలర్‌ని బట్టి, ఊక తడిని బట్టి, రోజును బట్టి మారుతుంది. గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని చెంచాడు బూడిద వేసి కలిపి వదిలేయండి. నల్లటి పొర పైన తేలితే కాలని బొగ్గు ఎక్కువ ఉన్నట్టే. ఇది చూపుకు మాత్రమే, అసలు నిర్ణయం ల్యాబ్‌ది. మరీ ఎక్కువ వేడి మీద, దాదాపు 700 డిగ్రీలు దాటి కాలిన బూడిదలో సిలికా స్ఫటికంగా మారుతుంది. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్ వస్తుంది. గుట్ట మీద పారలతో ఎత్తే కూలీలకు మాస్కులు ఇవ్వకుండా, బూడిద తడపకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

రెండో చిక్కు నీళ్లది. గ్రానైటు తారును వదిలేయడానికి కారణం సిలికా అన్నాను కదా, ఊక బూడిద కూడా సిలికానే. దానితో రోడ్డు గట్టిపడుతుంది కానీ స్ట్రిప్పింగ్‌కి అది మందు కాదు. స్ట్రిప్పింగ్‌కి తరతరాలుగా పనిచేస్తున్న మందు పొడి సున్నం, హైడ్రేటెడ్ లైమ్. నీటి పరీక్షలో మిక్స్ బలం కనీసం 80 శాతం నిలబడకపోతే కంకర బరువులో 2 శాతం పొడి సున్నం కలపాలని కేంద్ర స్పెసిఫికేషన్లలోనే ఉంది. నన్నడిగితే మీ రాయికి సున్నం ముందు, బూడిద తర్వాత. సున్నంతో పాటు కొంత భాగం బూడిద వేసి, పరీక్షల్లో నెగ్గితే అప్పుడు వాడుకోండి.

బూడిద మాట ఎత్తే ముందు ఎస్టిమేట్ కాగితం తెప్పించి చూడండి. పల్లె రోడ్లకు చాలాచోట్ల 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్ (తారు పట్టించిన చిన్న కంకర పలచటి పొర), పైన దాన్ని మూసే సీల్ కోట్ వేస్తారు. అందులో ఫిల్లర్‌కి చోటే లేదు. బూడిద అనే మాట బీసీ లాంటి దట్టమైన మిక్స్‌లకే వర్తిస్తుంది. మీ కాగితంలో ప్రీమిక్స్ కార్పెట్ అని ఉంటే బూడిద గురించి వాదించి టైమ్ వృథా చేసుకోవద్దు, ప్లాస్టిక్ పూత మాత్రమే అడగండి.

గుట్ట ఖాళీ అవుతుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. ఇందాకటి కిలోమీటరు లెక్కలో ఫిల్లర్ 2 శాతం అనుకుంటే ఐదు టన్నుల పైచిలుకు. రోజుకు 100 టన్నుల వడ్లు ఆడే మిల్లులో 20 టన్నుల ఊక, అదంతా కాలిస్తే 4 టన్నుల బూడిద. అంటే ఒక మిల్లు ఒకటిన్నర రోజు బూడిదతో మీ కిలోమీటరు రోడ్డు అయిపోతుంది. బూడిద పారబోసే సమస్యకు సిమెంటు, ఇటుకల వైపు చూడాలి. రోడ్డుకి మాత్రం ఏరికోరి తెచ్చిన మంచి బూడిద కొంచెం చాలు.

పంట వ్యర్థాల్లో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నవి వేరే ఉన్నాయి. మీ రోడ్డుకు ఇప్పుడు పనికిరాకపోయినా తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే "పంట వ్యర్థాల రోడ్డు" అనగానే అందరూ బూడిదే అనుకుంటున్నారు.

ఒకటి లిగ్నిన్. గడ్డిలో, కట్టెలో పీచును పీచుకు అతికించి నిలబెట్టే సహజమైన జిగురు అది. కాగితం మిల్లుల నల్లద్రవంలో, గడ్డి నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీల్లో మిగిలిపోతుంది. దాని అణువుల నిర్మాణం తారుకు కొంత దగ్గర కాబట్టి తారులో కొంత భాగానికి బదులుగా కలపవచ్చు. నెదర్లాండ్స్‌లో జీలాండ్ ప్రాంతపు స్లౌస్కిల్‌లో 2015లోనే లిగ్నిన్ కలిపిన రోడ్డు ముక్క వేశారు. మన దగ్గర నాగపూర్ సమీపంలోని మన్సర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద బయో బిటుమెన్‌తో వేసిన ముక్కను 2024 డిసెంబరులో ప్రారంభించారు. అందులో 15 శాతం లిగ్నిన్ కలిపారు. అది హైదరాబాద్ మీదుగా కన్యాకుమారి వెళ్లే మన రహదారే. మన దేశం తారులో పెద్ద భాగం దిగుమతి చేసుకుంటుంది. వరి కోసిన పొలాల్లో తగలబెడుతున్న గడ్డిలో ఈ జిగురు ఉందని తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. గడ్డిని గాలి తగలకుండా 500 డిగ్రీల దగ్గర కాల్చి నూనె తీసే పద్ధతి కూడా ఉంది. కానీ ఆ పచ్చి నూనెలో నీళ్లు, ఆమ్లాలు ఉంటాయి, ఎండకు త్వరగా గట్టిపడిపోతుంది. శుద్ధి చేయకుండా డ్రమ్ముల్లో తెచ్చి తారులో కలుపుతామని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు.

ఇంకొకటి కొబ్బరి పీచు. హైవేల మీద వేసే స్టోన్ మ్యాట్రిక్స్ అస్ఫాల్ట్ అనే పెద్ద కంకర మిక్స్‌లో తారు ఎక్కువ పోస్తారు, వేడి మీద అది కిందికి కారిపోకుండా పీచు కలుపుతారు. సాధారణంగా మిక్స్ బరువులో 0.3 శాతం సెల్యులోజ్ పీచు వాడతారు. ఆ పని కోనసీమ కొబ్బరి పీచును సన్నగా తరిగి వేసినా చేస్తుంది. తీగ బుట్టలో వేడి మిక్స్ పెట్టి గంటసేపు ఓవెన్‌లో ఉంచితే, పీచు లేని బుట్ట కింద పళ్లెంలో తారు మడుగు కడుతుంది, పీచు ఉన్న దాని కింద నాలుగు చుక్కలు. మూడోది జీడి తొక్క నూనె. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను తినేసే ఆ నూనెను శుద్ధి చేస్తే, పాత రోడ్డు తవ్వి తీసిన గట్టిపడిన తారును మళ్లీ మెత్తబరచడానికి, రాయికి పట్టు పెంచడానికి పనికొస్తుంది. ఈ రెండూ నేను ల్యాబ్‌లో చేసి చూసినవే.

మళ్లీ మీ రోడ్డు దగ్గరికి వద్దాం. పని మొదలయ్యే ముందు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని కలిసి మూడు విషయాలు అడగండి. తారు ఏ గ్రేడు? మీ ఎండకు వీజీ-30 కన్నా మెత్తటిది వద్దు. మీ రాయి మీద స్ట్రిప్పింగ్ పరీక్ష చేశారా? 40 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచాక కనీసం 95 శాతం పూత మిగలాలి. ప్లాస్టిక్ వేస్తే ఏ పాళ్లలో, ఎవరు తూచి వేస్తారు? గౌరవంగా, కాగితం మీద రాసుకుని అడగండి. నాకు తెలిసిన ఏఈల్లో చాలామంది ఊరివాళ్లు ఇలా అడిగితే సంతోషిస్తారు, ఎందుకంటే కాంట్రాక్టర్‌తో మాట్లాడటానికి వాళ్లకూ బలం వస్తుంది.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. తారు పట్టిన కంకర రాళ్లు గుప్పెడు, ప్లాస్టిక్ పూత ఉన్నవీ లేనివీ వేరువేరుగా, పాత గిన్నెల్లో 10 నిమిషాలు మరగనివ్వండి. నీళ్లు వంపి కాగితం మీద ఆరబోయండి. ఏ రాళ్లు తెల్లబడ్డాయో మీకే కనిపిస్తుంది. ఆ కాగితం గ్రామసభలో చూపిస్తే ఏ వీడియో కన్నా బాగా అర్థమవుతుంది.

పని రోజున టిప్పర్ వచ్చినప్పుడు మిక్స్ వేడి చూడమనండి. దూరం నుంచి తెచ్చి చల్లారిన మిక్స్‌ని రోలర్ ఎంత తొక్కినా దగ్గరపడదు. మిక్స్‌లో గాలి ఖాళీలు 3 నుంచి 5 శాతం దగ్గర ఉండేలా డిజైన్ చేస్తాం. సరిగ్గా తొక్కకపోతే అంతకు రెండింతల ఖాళీ మిగిలిపోతుంది, నీళ్లు అక్కడినుంచే లోపలికి దిగుతాయి. ప్లాస్టిక్ పూత మిక్స్ చల్లారితే ఇంకా మొండికేస్తుంది, కాబట్టి రోలర్ పేవర్ వెనకే ఉండాలి.

నీళ్ల విషయం ఆఖర్న రాస్తున్నాను గానీ మీరు మొదట చేయాల్సింది ఇదే. మీరు పంపిన ఫొటోలో రోడ్డు పక్క మట్టి, గడ్డి పెరిగి రోడ్డు కన్నా ఎత్తుగా ఉంది. వాన నీళ్లకు పోయే దారి లేదు, రోడ్డే కాలువ అయింది. పైగా పక్కనే వరి మడి, ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నిలిచి ఉంటాయి. ఏ తారైనా, ఏ పాలిమరైనా నీళ్లలో నానుతూ ఉండలేదు. జేసీబీతో ఆ బెర్మ్‌లు, అంటే రోడ్డు అంచు మట్టి, చెక్కించి, మడి వైపు కాలువ తీయించండి. ఆ పనికి ఒకటి రెండు రోజులు చాలు. దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనప చక్రాలతోనే రోడ్డెక్కడం కూడా ఆపించాలి. ఆ చక్రం పళ్లు కొత్త రోడ్డు మీద ఒక్కసారి నడిస్తే పూత పగిలి నీళ్లకు దారి దొరుకుతుంది. దమ్ము రోజుల్లో చక్రాలు మార్చుకోవడానికి ఊరి మొదట్లో చదును స్థలం చూపించండి. వద్దని చెప్పడం కన్నా చోటు చూపిస్తే వింటారు.

ఊడిన రాళ్ల ఫొటో దగ్గరగా తీసి, ఎస్టిమేట్‌లో పైపొర ఏమని రాశారో ఇక్కడే పెట్టండి. బూడిద పంపదలిస్తే ఒకే చోట నుంచి కాకుండా గుట్టలో నాలుగు చోట్ల, పై పొర తీసేసి లోపలినుంచి కిలో చొప్పున తీసి, నాలుగూ వేరువేరు కవర్లలో కట్టి, ఏది ఎక్కడిదో రాసి పంపండి. కలిపేస్తే తేడా తెలియదు.